పితృస్థానంలో శరభయ్యగారు

ముక్తేశ్వరం,
6-8-1978.

చి. సౌ. ఇందిరాదేవిని దీవించి అచ్యుతరామయ్య అన్నయ్య వ్రాసేది.

ఉత్తరం మొదట్లో ఇక్కడి క్షేమం రాసి అక్కడి క్షేమం అడగడం మనకి అలవాటు. ఇక్కడ రాయడానికి క్షేమం అంటూ ఏమీ మిగల్లేదు కనుక నీదీ, చంటిపిల్లదీ, పెద్దవాడిదీ, మీవారు మాణిక్యాలరావుగారిదీ మాత్రం అడుగుతున్నాను. వెంటనే రాయి.

పదకొండు రోజుల పసిగుడ్డుని పట్టుకుని భిలాయి నుంచి రెండు రైళ్ళు మారి ఎలా వచ్చేదానివి? అందుకే బయల్దేరవద్దని టెలిగ్రాం కొట్టించింది నేనే. తండ్రి ఆఖరిచూపు దక్కనివ్వలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో అమ్మా, నేను పడతాను. కర్మకాండ అంతా మీ పెదనాన్నగారబ్బాయి ప్రకాశరావు లోటు లేకుండా చేశాడు. మొన్నటితో పన్నెండో రోజు కూడా అయిపోయింది.

ఏం జరిగిందో దాచకుండా రాయమని అడిగావు. రాస్తున్నాను.

జూలై పదిహేనో తేదీ, శనివారం, మా నాన్నగారి తద్దినం. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో పితృస్థానంలో, పోయిన మా నాన్నగారి బదులు, భోక్తగా కూర్చునేది మీ నాన్నగారేనని నీకు తెలుసు. వేదం చదువుకున్న మనిషి, నిష్ఠ తెలిసిన మనిషి, అన్నిటికీ మించి మా నాన్నగారికి ప్రాణస్నేహితుడు. శరభయ్యగారు ఆ పీట మీద కూర్చుంటేనే మా అమ్మకి తృప్తి. ఆ రోజూ వేళకి వచ్చారు. సుబ్బరంగా భోంచేశారు. దక్షిణ తాంబూలాలు పుచ్చుకుని, మమ్మల్నందరినీ ఆశీర్వదించి, మూడున్నరకి నడిచి ఇంటికి వెళ్ళారు. మా ఇంట్లో ఏ తేడా చెయ్యలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్న ఏడవబోతూండగా లేచేసరికి ఆయనకి కుడిచెయ్యి స్వాధీనంలో లేదట. మాట ముద్దముద్దగా వచ్చిందట. ముందురోజు పొద్దుపోయి తిన్న భోజనం అరగలేదని మీ అమ్మగారు శొంఠి కషాయం కాచి పట్టారు. చేతికి నూనె రాసి ఉప్పుకాపడం పెట్టారు. పదకొండు గంటలకి మనిషి తెలివి తప్పుతూంటే అప్పుడు ప్రకాశరావుకీ నాకూ కబురొచ్చింది. మడతమంచం మీద రేవుకి మోసుకెళ్ళి, లాంచీ మీద గోదావరి దాటించి, కోటిపల్లిలో కారు మాట్లాడుకుని కాకినాడ పెద్దాసుపత్రికి చేర్చేసరికి మూడయింది.

డాక్టరుగారు చూసి, ఇది పక్షవాతం, మెదడుకి రక్తం అందడం లేదు, పొద్దున్నే తీసుకురావలసింది అన్నారు. మింగలేని మనిషి నోట్లో పోసిన కషాయం ఊపిరితిత్తుల్లోకి దిగిపోయిందని కూడా చెప్పారు. అక్కడివాళ్ళు తొమ్మిది రోజులు చెయ్యగలిగిందంతా చేశారు. జ్వరం దిగలేదు. మాట రాలేదు. ఇరవైనాలుగో తేదీ సోమవారం మధ్యాహ్నం పోయారు.

మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోవద్దు. లోకం తెలియని మనిషి. ఆవిడకి తోచింది ఆవిడ చేశారు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
అచ్యుతరామయ్య

---

ముక్తేశ్వరం,
28-8-1978.

చిరంజీవి ఇందిరని అమ్మ కమలాంబ వెయ్యేళ్ళు వర్ధిల్లమని దీవించి, అచ్యుతం చేత రాయించేది.

నీ ఉత్తరం అచ్యుతం చదివి వినిపించేడు. మధ్యమధ్య ఆగిపోయేడు. చదవరా నాయనా, కూతురు తిట్టిన తిట్లు అమ్మకి కాక ఎవరికి, అని నేనే చదివించుకున్నాను. నాలుగు గంటలు ఎందుకు ఇంట్లో పెట్టుకున్నావు అన్నావు. నీ నోటితో అడిగినా, ఉత్తరంలో అడిగినా, నేను రోజూ అడుక్కునేది అదే తల్లీ.

ఆ పొద్దున్న మీ నాన్నగారు లేచి చెంబు పట్టుకోబోతే జారిపోయింది. ఏంటండీ, అదోలా ఉన్నారు అంటే ఏదో అన్నారు గాని నాకు బోధపడలేదు. మూతి కాస్త పక్కకి ఉంది. మంచం మీద కూర్చోబెట్టేను. శొంఠి కషాయం కాచి పట్టేను. సగం పెదవి చివర నుంచి కారిపోయింది. కారిపోతోంది కదా అని మళ్ళీ పట్టేను. నా చేత్తోనే పట్టేను. దగ్గొచ్చింది. వీపు నిమిరేను. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆయన కంట నీళ్ళు చూడటం అదే.

ఇంకేం చెప్పను? నన్ను అనాలంటే అను. నీకు తండ్రి, నాకు మొగుడు. నువ్వు అరిచినా ఊరుకోగలను గాని మాట్లాడకుండా ఉంటే ఎలాగమ్మా.

మూడో మాసికం వెళ్ళేక నీ దగ్గరికి పంపిస్తానని ప్రకాశరావు అంటున్నాడు. రెండో కానుపు, చాకిరీ ఎక్కువ, నీకు నడుం నొప్పి అసలే. వచ్చి పిల్లకి నీళ్ళు పోస్తాను, నలుగు పెడతాను. ఒక మూల పడుంటాను. అక్కడ చలి ఎక్కువంటారు కదా, పిల్లకి పాతచీరలతో రెండు బొంతలు కుట్టేను. పెద్దవాడికి ఒకటి కుడుతున్నాను.

వేలిముద్ర వెయ్యనా అంటే, ఉత్తరానికి అక్కర్లేదు పిన్నిగారూ అని అచ్యుతం నవ్వేడు. ఆయన పోయేక వాడు నవ్వడం ఇదే మొదలు. రోజూ బడి నుంచి వస్తూ మన గుమ్మం ఎక్కి పలకరించి వెళ్తున్నాడు. కన్నకొడుకు కూడా అంత చెయ్యడు.

ఇట్లు, అమ్మ
దస్తూరీ: అచ్యుతరామయ్య

---

ముక్తేశ్వరం,
24-9-1978.

చి. సౌ. ఇందిరాదేవికి,

ఈ ఉత్తరం చదివాక నా దీవెన నీకు కావాలో వద్దో నువ్వే తేల్చుకో. పిల్లలిద్దరికీ మాత్రం ముందే ఇచ్చేస్తున్నాను, వాళ్ళకి నా మీద కోపం ఉండదు కనుక.

నీ జవాబు అందింది. క్రితం వారం శనివారం బడి నుంచి వస్తూంటే పోస్టుమాను అబ్బులు వీధిలోనే చేతికిచ్చాడు. మీ అమ్మగారి పేరున వచ్చిన ఉత్తరాలన్నీ నాకే ఇస్తాడు కదా, చదివేది నేనే కనుక. కొబ్బరి డొక్కలు ఆరబెట్టిన కళ్ళం పక్కన నిలబడి చదివాను. "మా నాన్న నోట్లో కషాయం పోసి ఊపిరి తీసిన చేతులతో నా పిల్లకి ఉగ్గు పట్టనివ్వను. ఆవిడ ఇక్కడికి రావద్దు. ఇకమీదట నాకు ఉత్తరాలు రాయించవద్దు" అని రాశావు. దాన్ని నేను మీ ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఆవిడ ఎదురుగా పైకి చదవాలి! ఎలా చదవనే తల్లీ?

చదవలేదు. ఇందిర కులాసాగా ఉంది పిన్నిగారూ, పిల్ల నవ్వడం నేర్చిందట, దసరా వెళ్ళాక మాణిక్యాలరావుగారు స్వయంగా వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తారట, అని నీ కాగితం కేసి చూస్తూ నోటికొచ్చింది చదివేశాను. పాఠం రాని పిల్లలు పుస్తకం పట్టుకుని చదివినట్టు నటిస్తే చెవి మెలేసే మాస్టారిని నేను. ఆవిడ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె దింపించి బొంతలు సర్దుకున్నారు. రోజూ అడుగుతున్నారు, దసరా ఇంకెన్నాళ్ళు నాయనా అని. ఆవిణ్ణి ఏ రైలెక్కించను? మీ ఇంటి తలుపు మూసేసింది నువ్వని ఊరంతా అనుకుంటుంది. మూయించింది నేను.

నీకు మొదట రాసిన ఉత్తరం అబద్ధం. మా ఇంట్లో ఏ తేడా చెయ్యలేదన్న ముక్క అబద్ధం. తద్దినం నాటి శనివారం సంగతి ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

భోక్తలు ఆకు ముందు కూర్చున్నాక పలకకూడదు. కావలసింది చేత్తో చూపించాలి. ఆఖర్న ఉత్తరాపోశనం నీళ్ళు పుచ్చుకునేదాకా పీట మీంచి లేవకూడదు. పితృస్థానంలో ఉన్నాయన మధ్యలో లేస్తే తద్దినం చెడినట్టే. కర్త ఆ పూటకి పస్తుండి, మర్నాడు మళ్ళీ మొదటినుంచీ పెట్టుకోవాలి. శరభయ్యగారి కూతురివి, నీకు నేను చెప్పాలా?

ఒంటిగంట దాటింది. విశ్వేదేవస్థానంలో కూర్చున్న రెండో భోక్త, ఐనవిల్లి ఆయన, ఆకులోంచి తల ఎత్తే రకం కాదు. తద్దినం పెట్టించే బ్రహ్మగారు నడవలో కళ్ళు మూసుకుని మంత్రం చదువుతున్నారు. మా ఆవిడ సూర్యావతి వడ్డిస్తోంది. నేను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. మీ నాన్నగారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు. కుడిచెయ్యి అలాగే ఆకులో పడి ఉండిపోయింది. ముద్ద వేళ్ళలోంచి జారిపోయింది. ఆ చెయ్యి కేసి, ఇదెవరి చెయ్యి అన్నట్టు చూశారు. నోరు కుడిపక్కన కిందికి వాలి, పప్పునీళ్ళు గడ్డం మీదికి కారాయి. నా కేసి చూసి పెదవులు కదిపారు. మాట రాలేదు. మౌనం పాటిస్తున్నారనుకున్నాను. అనుకున్నాను అని రాయడం కూడా దొంగతనమే. అలా అనుకుంటే సుఖంగా ఉంటుందని అనుకున్నాను.

అంతలో ఆయన ఎడమచెయ్యి చాచి ఆకులోని గారె తీసుకున్నారు. ఇందిరా, శరభయ్యగారు, భోజనం దగ్గర, ఎడమచెయ్యి! ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, కుడిచేతికి ఏమైందో నాకు చూపించడానికి ఆయన చేసిన ప్రయత్నమో, తెలివి సగం తప్పి చేసిన పనో. వంటింటి గుమ్మంలో కూర్చున్న మా అమ్మ కెవ్వుమని కేక పెట్టింది.

మా నాన్నగారికి ఆఖరి రెండేళ్ళూ కుడిపక్క పడిపోయిందని నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఎడమచేత్తోనే తినేవారు. ఆయన పోయిన రోజు శనివారం. పొద్దున్న, గారెలు తినాలని ఉందే అచ్చయమ్మా అని అడిగారట. వాడపల్లి వెళ్ళి స్వామిని చూసొచ్చి వండుతానని మా అమ్మ బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి ఆయన లేరు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు మా అమ్మ గారె ముట్టలేదు. తద్దినానికి వండుతుంది, కొంగు నోట్లో కుక్కుకుని వండుతుంది. ఆ మనిషి కళ్ళెదుట, పితృస్థానంలో, అలా వాలిన మూతితో, ఎడమచేత్తో గారె! 

మీ నాన్నగారేరా అచ్యుతం, వచ్చేరురా, గారె తింటున్నారు చూడరా, అంటూ మా అమ్మ వచ్చి మీ నాన్నగారి పీట ముందు సాష్టాంగపడింది. సూర్యావతి గిన్నె కిందపెట్టి దండం పెట్టింది. బ్రహ్మగారు కళ్ళు తెరిచి, నీ జన్మ తరించిందమ్మా అని గొంతు పెంచి మంత్రం అందుకున్నారు. ఆయుర్దాయం చేజారిపోతున్న మనిషికి నలుగురం కలిసి మొక్కాం తల్లీ. దండాలు పెడుతూ నిలబడ్డాం.

మీ నాన్నగారు లేవబోయారు. గారె ఆకులో పడేసి, ఎడమచెయ్యి నేలకి ఆనించి, ఒక మోకాలు పైకెత్తారు. మా అమ్మకి అది కనబడలేదు, తల నేల మీద ఉంది కనుక. నాకు కనబడింది. నేను రెండు చేతులూ జోడించి, ఆయన కళ్ళలోకి చూస్తూ, కూర్చోమని తల ఊపాను. కర్త చేతులు జోడిస్తే భోక్త కాదనకూడదు. ఆయన నన్ను చూశారు, మా అమ్మని చూశారు, మోకాలు దించేసుకుని కూర్చున్నారు. ఆ చూపు నాకు రోజూ కనిపిస్తుంది. అందులో కోపం లేదు. అదే నన్ను తినేస్తోంది.

పావుగంటకి వేళ్ళు కదిలాయి. మూతి సర్దుకుంది. ఉత్తరాపోశనం పట్టారు. తృప్తాస్థ, తృప్తి పడ్డారా, అని నేనడిగితే జవాబు ఆలస్యంగా, బరువుగా వచ్చింది గాని వచ్చింది. చేతులు కడుక్కున్నాక అరుగు మీద చాపేసి కూర్చోబెట్టాను. కాసేపు చెయ్యి నాది కాకుండా పోయిందిరా అచ్యుతం, మాట లోపలే ఉండిపోయింది, బయటికి రాలేదు, అన్నారు. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కి ఉంటుంది బాబాయిగారూ అన్నాను. అంతేనంటావా అన్నారు. అంతేనండీ అన్నాను. మీ పిన్నికి చెప్పకు, కంగారు మనిషి, అని నవ్వి, ఉత్తరీయం సర్దుకుని వెళ్ళిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. బాగానే నడిచారు.

తిమ్మిరి కాదని నాకు తెలుసు. నువ్వు చదువుకున్న ఆరోగ్యపాఠం చెప్పింది నేనే కదా అని కాదు, పాఠాలదేముంది, నోటికొస్తాయి. మా నాన్నగారికి కూడా ముందు ఇలాగే అయింది. ఒకరోజు క్షవరం చేయించుకుంటూండగా చెయ్యి వాలిపోయి, పది నిమిషాలకి లేచింది. తగ్గిందిలే అని ఊరుకున్నాం. ఆరోరోజు పూర్తిగా పడిపోయారు. అప్పుడు అమలాపురం డాక్టరుగారు నన్ను నిలబెట్టి చీవాట్లేశారు. ఒకపక్క చెయ్యిగానీ కాలుగానీ ఉన్నట్టుండి బలం పోయినా, మూతి వాలినా, మాట తడబడినా, పది నిమిషాలకి తగ్గిపోయినా సరే, ఆ క్షణంలో బయల్దేరాలయ్యా, తగ్గిపోవడమే మనిషిని మోసం చేస్తుంది, పెద్దది వచ్చే ముందు చిన్నది తలుపు తట్టి వెళ్తుంది, అన్నారు. ఆ మాట నేను పదకొండేళ్ళు బళ్ళో పిల్లలకి చెప్పాను. నా ఎదురుగా తలుపు తడితే మాత్రం చేతులు జోడించాను.

ఎందుకని అడుగుతావు. ఆ శనివారం సాయంత్రం మా అమ్మ ఒక గారె తిన్నది. తొమ్మిదేళ్ళకి. ఆయన వచ్చి తినివెళ్ళేరు, ఇంక నాకే లోటూ లేదు, అని ఇల్లంతా తిరిగింది. వీధిలో అందరికీ చెప్పుకుంది. అదంతా జబ్బని చెప్పి, తద్దినం చెడిందని చెప్పి, ఆ డెబ్భైయెనిమిదేళ్ళ మనిషిని మళ్ళీ ఆ గుమ్మంలో కూలేయడానికి నాకు మనసు రాలేదు. మా అమ్మ సంతోషానికి మీ నాన్నగారిని బలిపెట్టాను. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాదు.

ఆదివారం సంగతి నీకు రాసిందే. కాకినాడలో డాక్టరుగారు రక్తపోటు చూసి, అందరినీ అడిగారు, ఇలాంటిది ముందెప్పుడైనా కాసేపు వచ్చి తగ్గిందా అని. మీ అమ్మగారు లేదండి అన్నారు. ప్రకాశరావు లేదన్నాడు. నేను గోడకానుకుని నిలబడ్డాను. వచ్చి ఉంటే, అప్పుడే తెచ్చి ఉంటే, రక్తపోటు దించి మందులు మొదలుపెట్టేవాళ్ళం, ఆగేదని ప్రమాణం చెయ్యలేను గాని ఆగే అవకాశం ఉండేది, అన్నారాయన. అప్పుడూ నోరు విప్పలేదు. మీ నాన్నగారికి మాట పడిపోయింది సరే, నాకేం పడిపోయింది?

కాబట్టి ఇందిరా, నువ్వు లెక్కపెడుతున్న ఆ నాలుగు గంటలకి ముందు మా ఇంటి నుంచి పద్దెనిమిది గంటలు పోయాయి. మీ అమ్మగారికి శనివారం సంగతి ఈ క్షణానికీ తెలియదు. ఈ ఉత్తరం పోస్టు చేసి, తిన్నగా వెళ్ళి ఆవిడతో చెప్తాను. తరవాత మా అమ్మతో చెప్పాలి. అది ఎలా చెప్తానో నాకు తెలియదు. చెప్పాక ఏమవుతుందో అంతకన్నా తెలియదు.

నన్ను క్షమించమని అడగటం లేదు. మీ అమ్మగారికి రెండు ముక్కలు రాయి. నాకు పంపకు, ప్రకాశరావు పేర పంపు, అతను చదివి వినిపిస్తాడు. ఆవిడ పెట్టె సర్దుకుని కూర్చున్నారు.

ఇట్లు,
అచ్యుతరామయ్య

తా.క. కవరు అంటించి పోస్టుడబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చింపి ఇది రాస్తున్నాను. పైన ఇంత రాసుకుని కూడా అసలుది దాటేశాను. ఆదివారం సంగతి నీకు రాసిందే అన్నాను చూశావా, అదీ అబద్ధమే.

ఆ ఆదివారం నాకు కబురొచ్చింది పదకొండుకి కాదు. ఏడు గంటలకే మీ అమ్మగారు తడిజుట్టుతో మా ఇంటికి పరుగున వచ్చారు. నిన్న భోజనం దగ్గర మీ బాబాయిగారికి చెయ్యి గాని మాట గాని ఏమైనా తేడా చేసిందా నాయనా, ఇవాళ అదోలా ఉన్నారు, రేవు దాటించి కాకినాడ తీసుకెళ్దామా, అని అడిగారు. మా అమ్మ లోపల వింటోంది. ఏమీ లేదండీ పిన్నిగారూ, సుబ్బరంగా భోంచేసేరు, అరిగి ఉండదు, శొంఠి కషాయం పట్టండి, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది, అన్నాను. ఆవిడ నా మాట నమ్మి వెళ్ళి పొయ్యి వెలిగించారు.

ఆగస్టులో నా చేత రాయించిన ఉత్తరంలో ఆవిడ ఇది కూడా చెప్పారు. నేను రాయలేదు. మళ్ళీ ఒకసారి చదివి వినిపించమంటే, కాగితం మీద లేని ఆ ముక్కని ఉన్నట్టే చదివాను. నీ జవాబు వచ్చేదాకా, అది చూసి కూడా కూతురి మనసు కరగలేదని ఆవిడ రోజూ ఏడ్చారు. నేను దిగమింగిన ఆ మాటలు ఇవి:

"నాకు నేనుగా చెయ్యలేదు తల్లీ, పరిగెత్తుకెళ్ళి అచ్యుతాన్ని అడిగే చేసేను. వాడు చదువుకున్నవాడు, ఏమీ లేదు, కషాయం ఇమ్మన్నాడు. నువ్వు మళ్ళీ వాడి మీద కోపం పెట్టుకునేవు సుమా, నాకున్న దిక్కు వాడొక్కడే."